ఊరందరి నంబరు

రాయమల్లు చేతులు అప్పటికే ఫోను వెనక మూత తీసి పక్కన పెట్టాయి. బ్యాటరీ బయటికి వచ్చింది. దాని కింద ఉన్న సిమ్ము జారి అరచేతిలో పడింది. సైకిలు పుల్లను నూరి తనే చేసుకున్న సన్నని స్క్రూడ్రైవరుతో ఒక్కొక్క స్క్రూ విప్పి, విప్పిన వరుసలోనే అయస్కాంతం ముక్క మీద పెట్టాడు. పాత పళ్ల బ్రష్షును స్పిరిట్లో అద్ది లోపల తుడిచాడు. బ్రష్షుకు బొగ్గు దుమ్ము అంటింది, పత్తి నూగు అంటింది. బొగ్గు గనుల చంద్రపూరులో ఏ యంత్రం విప్పినా బొగ్గు దుమ్ము ఉంటుంది. పత్తి నూగు కూడా ఉంటే మాత్రం అది రాజురా అవతలి పత్తి ఊళ్ల నుంచి వచ్చిందని రాయమల్లు అడగకుండానే పోల్చుకుంటాడు.

"గాలి గీలి సోకిందంటవా అల్లుడా?" అని అడిగాడు భూమన్న, బల్ల ముందు స్టూలు మీద కూర్చుని.

"ఫోనుకెందుకు సోకుతది? సోకితే నీకే సోకాలె," అంది పక్కనున్న అతని భార్య వెంకటమ్మ. "దీపావళి నుంచి మొత్తుకుంటున్న, చంద్రపూర్ తీస్కపొయ్యి చూపియ్యి అని. ఫోన్నన్న చూపియ్యి, నా కండ్లన్న చూపియ్యి అని."

రాయమల్లు పెదవి చివర నవ్వి బ్రష్షును మళ్లీ స్పిరిట్లో అద్దాడు. చేతిలో పని ఉన్నప్పుడు అతనికి మాట రాదు.

జట్‌పురా గేటు దగ్గర ఉన్న రాయమల్లు దుకాణం, ఒక మనిషి నిలబడి రెండు చేతులు చాపితే రెండు గోడలూ అందేంత ఇరుకు. అక్కడికి ఏ వస్తువు వచ్చినా అతను ముందు ఒక చీటీ రాసి దారంతో దానికి కడతాడు. చీటీ మీద రోగం పేరు రాయడు. తెచ్చినవాళ్లు ఏ మాట అన్నారో ఆ మాటే రాస్తాడు. ఒకసారి ఒక టేపురికార్డరుకు "పాడుతది గాని ఏడ్చినట్టు పాడుతది" అని కట్టాడు. ఒక టీవీకి "మనుషులు పొట్టిగ కనపడుతున్నరు" అని కట్టాడు. మనం అనుకున్న రోగం రాసుకుంటే కళ్లు దాని వెంటే పోతాయి, వాళ్లు చెప్పింది రాసుకుంటే అసలు రోగం దొరికేదాకా వదలబుద్ధి కాదు అని అతని నమ్మకం. పని అయిపోయాక, తెచ్చినవాళ్లు తమ చేత్తో నడిపి చూసుకుని సరే అంటేనే దారం తెంపుతాడు.

ఆ రోజు భూమన్న ఫోనుకు కట్టిన చీటీ మీద రెండు ముక్కలున్నాయి. "రావాల్సింది వస్తలేదు. వద్దన్నది ఆగుతలేదు."

రావలసింది కంటి ఆసుపత్రి కబురు. వెంకటమ్మ రెండు కళ్లకూ శుక్లం పొర కమ్మింది. పాత చీరలు పేర్చి బొంతలు కుట్టడంలో ఆమెను మించినవాళ్లు చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో లేరు. అలాంటి మనిషికి ఏడాది నుంచి సూదిలో దారం ఎక్కడం లేదు. చంద్రపూరులో ఉన్న ఒక ధర్మాసుపత్రికి నెలకు రెండుసార్లు నాగపూరు నుంచి డాక్టర్లు వచ్చి ఆపరేషన్లు చేసిపోతారు. ఎవరి వంతు వస్తే వాళ్ల ఫోనుకు రెండు రోజుల ముందు మెసేజ్ వస్తుంది. అందినట్టు గుర్తుగా, పొద్దుగూకేలోపు అదే ఫోను నుంచి ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ వంతు వెనకవాళ్లకు పోతుంది.

డిసెంబరులో వెంకటమ్మ వంతు వచ్చింది, అలాగే పోయింది. మెసేజ్ ఆ ఇంటికి చేరనే లేదు. రెండో వంతు ఈ శనివారం. ఆ రోజు గురువారం. పొద్దున్నే మొగుడూ పెళ్లాలు ఆసుపత్రికి వెళ్లి అడిగి వచ్చారు. కిటికీలో ఉన్న మనిషి మంచిగానే చెప్పాడు. "లిస్టు నాగపూర్ల తయారయితది, మెసేజ్ అక్కడి నుంచే పోతది, మిస్డ్ కాల్ అక్కడికే రావాలె. మధ్యాహ్నం దాటినంక చూస్కుంట ఉండండి. మా చేతిల ఏం లేదు." ఈసారి కూడా తప్పితే పేరు అడుగుకు పోతుందనీ, మళ్లీ పిలుపు వానాకాలం దాటాకే అనీ కూడా అతనే చెప్పాడు.

ఇక వద్దన్నా ఆగనిది గోల్ బజారులోని ఓంప్రకాష్ సేటు బట్టల దుకాణం నుంచి వచ్చే మెసేజ్. ఇంగ్లీషు అక్షరాలలో మరాఠీ మాటలు. పండుగ సేలనీ, లగ్గాల సేలనీ, చీర మీద చీర అనీ. భూమన్నకు చదవడం రాదు. ఫోనులో పచ్చ బటను, ఎర్ర బటను, టార్చి, ఈ మూడే అతనికి తెలుసు.

రాయమల్లు ఫోను మళ్లీ బిగించి వెలిగించాడు. పైన కవరు బొమ్మ టపటపా కొట్టుకుంటోంది. డబ్బా నిండిందని దాని అర్థం. ఆ చిన్న ఫోనులో ముప్పై మెసేజీలే పడతాయి. ముప్పైకి ముప్పై ఓంప్రకాష్ సేటువే. అన్నీ తుడిచేశాడు. చెయ్యి తీసే లోపల టింగుమంది. ఒకటి, రెండు, ఐదు, పదకొండు. ఎక్కడో దారిలో ఆగి ఉన్నవన్నీ ఖాళీ చూసుకుని దిగుతున్నాయి. మళ్లీ తుడిచాడు, మళ్లీ దిగాయి. ఎండాకాలం వాగులో చెలిమ తీసి తోడుతుంటే తోడిన కొద్దీ ఊరినట్టు.

ఫోను విప్పకముందే అతను చూసిన ఇంకో సంగతి ఏమిటంటే, ఒకే మెసేజ్, ఒకే రోజు, ఒకే గంటలో, మళ్లీ మళ్లీ ఉంది. ఫోను ఒక్కదాన్నే పదిసార్లు మింగుతోందేమో అనుకున్నాడు. అందుకే విప్పి తుడిచింది. ఇప్పుడు సిమ్ము తీసి తన సొంత ఫోనులో వేశాడు. అక్కడా అదే వరస.

"మామా, నీ ఫోన్ల ఏ తప్పు లేదు," అన్నాడు చివరికి. "అర్ధగంట నేనే పక్కదారి పట్టిన. నొప్పి ఒకచోట ఉంటె కట్టు ఇంకోచోట కట్టిన."

"మరి సేటుకు నేను చెప్పి వచ్చిన గదా. పోయిన వారమే. పేరు తీసేయిస్త అన్నడు. బిడ్డను పిలిచి నా ముందటనే తీపిచ్చిండు."

"తీసినంక కూడ వస్తున్నయా?"

"సోమవారం మళ్ల వచ్చినయి. సోమవారం, గురువారం. మూడు గంటల సర్కారు ఎస్టీ బస్సన్న తప్పుతది గాని ఇది తప్పదు."

రాయమల్లు గోడ గడియారం చూశాడు. పన్నెండున్నర. మూడు గంటలకు సేటు విడత వచ్చి డబ్బా నింపితే ఆసుపత్రి మెసేజ్ మళ్లీ గడప బయటే నిలబడుతుంది. వద్దన్న మెసేజీలు రాకుండా పేరు రాయించుకునే సర్కారు నంబరు ఒకటి ఉంది. నెల కిందట వేరే ఒకరి కోసం అతను దానికి ఫోను చేశాడు. నలభై ఐదు రోజులు పడుతుందన్నారు. అదీ పెద్ద పెద్ద కంపెనీలకే. ఇది మామూలు పది అంకెల నంబరు నుంచి వస్తోంది.

సిమ్ము మళ్లీ భూమన్న ఫోనులో వేసి, దారిలో ఇంకా ఊరుతున్నవన్నీ దిగి ఆగిపోయేదాకా తుడుస్తూ కూర్చున్నాడు. రెండయింది. అప్పుడు చీటీ కట్టిన ఫోను జేబులో వేసుకుని, సగం షట్టరు దించాడు. "నడువుండ్రి. ఇవి ఊరే బాయి కాడికే పోదాం, సేటు దుకానుకు."

రాయమల్లు దుకాణం విడిచి వెళ్లడం చుట్టుపక్కలవాళ్లకు వింత. పద్దెనిమిదేళ్లుగా ఆ బల్ల వెనకే ఉన్నాడు. పుట్టింది రాజురా తాలూకాలో. తండ్రి నిజాం కాలపు ఉర్దూ బడిలో చదివాడు, కొడుకు మరాఠీ బడిలో చదివాడు, ఇంట్లో మాట తెలుగు. పదమూడేళ్లప్పుడు తండ్రి రేడియో విప్పి తన్నులు తిన్నాడు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని దాన్ని మళ్లీ పలికించాడు. తండ్రి వార్తలు విని, ఆపి, "గొంతు ముందుకన్న బాగున్నది" అన్నాడు. అంతకు మించిన సర్టిఫికెట్టు రాయమల్లు దగ్గర ఇప్పటికీ లేదు.

తొంభై ఒకటిలో పెట్టె సర్దుకుని చంద్రపూరు వచ్చాడు. అప్పుడే బజారులోకి కొత్త కొత్త వస్తువులు వరదలా దిగాయి. రేడియోలు పోయి టేపురికార్డర్లు, అవి పోయి రంగు టీవీలు, ఎస్టీడీ బూతుల మీటర్లు, తరువాత సీడీలు, ఇప్పుడు సెల్లు ఫోనులు. ప్రతి మూడు నాలుగేళ్లకూ నేర్చుకున్నదంతా పాతబడిపోయేది. ఎవరి దగ్గరా శిష్యరికం చెయ్యలేదు. చెడిపోయినవి తూకానికి కొని, విప్పి, మళ్లీ బిగించి నేర్చుకున్నాడు. విప్పిన వరుసలో బిగించాలి, తెలియనిదాన్ని తెలుసనకూడదు. అతని చదువు అంతే.

గోల్ బజారులో ఓంప్రకాష్ తాత కరీంనగరు వైపు నుంచి వచ్చి పెట్టిన దుకాణం అది. ముగ్గురూ లోపలికి రాగానే సేటు గద్దె మీద నుంచే నవ్వాడు.

"రా మిస్త్రీ. నువ్వు బయటికి వచ్చినవంటే ఈ పూట వాన పడుతది."

"జనవరిల వాన పడితే పత్తి ఖరాబయితది సేటు. నేను వేరే పని మీద వచ్చిన," అని ఫోను తీసి కొలబద్ద పక్కన పెట్టాడు రాయమల్లు.

సేటు భూమన్నను గుర్తుపట్టాడు. ముఖం కొంచెం ముడిచాడు. "మళ్ల అదేనా? తీసేయించిన గదా. నీ ముందటనే గదా. నా దగ్గర నాలుగు వందల నంబర్లున్నయి మిస్త్రీ. ఈ జిల్లాల ఏ బట్టల దుకానుకన్న ఉన్నయా? అందరు సంబరంగ చదువుకుంటున్నరు. ఈ ఒక్క మామకే తకరారు."

"చదువు రాదు సేటు, సంబరం ఎక్కడిది?" అంది వెంకటమ్మ. మాట్లాడుతూనే గద్దె మీద పరిచి ఉన్న చీర అంచును వేళ్ల మధ్య నలిపి చూసింది. "ఇది కడిగితే కురచయితది."

"కురచ కాదు అత్తమ్మా..."

"కండ్లు పొయినయి గాని వేళ్లు పోలేదు."

రాయమల్లు అడ్డం వచ్చాడు. శనివారం ఆపరేషను సంగతి, నిండిపోయే డబ్బా సంగతి నాలుగు మాటల్లో చెప్పాడు. ఎవరి తప్పనీ అనలేదు. "ఎట్ల పంపుతున్నరో ఒకసారి చూడాలె. అంతే," అన్నాడు.

సేటు లోపలికి కేక వేశాడు. కూతురు మాధురి వచ్చింది. కాలేజీలో కామర్సు చదువుతోంది, దుకాణం కంప్యూటరు ఆమె చేతిలోనే. ఒక సెల్లు ఫోనును తీగతో కంప్యూటరుకు కలిపి ఉంచింది. తెర మీద పట్టిక. ఒక గళ్లో పేరు, పక్క గళ్లో నంబరు. మీట నొక్కితే కంప్యూటరు పైనుంచి కిందికి ఒక్కొక్క వరుసకూ ఒక్కొక్క మెసేజ్ పంపుకుంటూ పోతుంది.

"థాంబా కాకా, ఆగుండ్రి, చూపిస్త," అంటూ భూమన్న పేరు వెతికింది. "చూడుండ్రి, లేదు. నేను తీసేసిన."

పేర్లన్నీ అక్షరాల వరుసలో ఉన్నాయి. రాయమల్లు ముందుకు వంగి చూశాడు. కంప్యూటరు అతనికి కొత్త. అయినా వరుస అంటే ఏమిటో తెలుసు.

"బిడ్డా, పేర్ల వరుసల కాదు. నంబర్ల వరుసల పెట్టొస్తదా?"

"హో, వస్తది." ఆమె నొక్కింది. పట్టిక ఒక్కసారి కదిలి సర్దుకుంది. కిందికి జరుపుతూ పోయి ఒకచోట ఆగిపోయింది. వెనక్కి చూసి, "బాబా, ఇటు రా," అంది తండ్రిని.

ఒకే నంబరు, భూమన్నది. కింద, దాని కింద, దాని కింద, తెర నిండా అదే నంబరు. పక్కన పేర్లు మాత్రం వేరు వేరు.

"చదువు," అన్నాడు రాయమల్లు.

"ఎల్లన్న. మల్లవ్వ. ప్రభావతి. వెంకన్న. ఇంకో ఎల్లన్న..."

"పెద్ద ఎల్లన్న, చిన్న ఎల్లన్న," అన్నాడు భూమన్న. "వీళ్లంత మా ఊరోళ్లే గదా. నీ కంప్యూటర్లకు ఎట్ల వచ్చిండ్రు?"

మాధురి లెక్కపెట్టింది. ముప్పై ఆరు.

వెంకటమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ట్రాక్టరు, యాదికున్నదా? దసరా ముందర."

అప్పుడు సంగతి బయటపడింది. దసరాకు ఊరంతా ఒకే ట్రాక్టరు కట్టుకుని వచ్చి ఈ దుకాణంలోనే బట్టలు తీసుకున్నారు. ఆ ఏడు సేటు లక్కీ డ్రా పెట్టాడు. కూపను మీద పేరు, ఫోను నంబరు రాసి డబ్బాలో వెయ్యాలి. నంబరు లేని కూపను చెల్లదు. ఊళ్లో ఫోను ఉన్నది భూమన్న ఒక్కడికే. సిగ్నలు దొరికేది అతని మిద్దె మీద. ఎవరికి ఏ కబురు రావాలన్నా ఆ నంబరుకే వస్తుంది, అందుకే అది అతని ఇంటి గోడ మీద అందరికీ కనపడేలా బొగ్గుతో రాసి ఉంటుంది. కూపన్ల దగ్గర భూమన్నే నిలబడి, వచ్చినవాళ్లందరికీ గొంతెత్తి ఒక్కొక్క అంకె చెప్పి రాయించాడు.

"మా ఊరందరి నంబరు అదే గదా," అన్నాడు. "మరి వాళ్లు ఎవలిది రాస్తరు?"

"మేం మనిషికొక నంబరు అనుకున్నం," అన్నాడు సేటు.

"మీకు మనిషికొకటి సేటు. మాకు ఊరికొకటి. మంచినీళ్ల బాయి లెక్క."

ఓంప్రకాష్ గల్లాపెట్టె మీద వేళ్లతో తట్టాడు. నాలుగు వందలలో ఒక్క దెబ్బకు ముప్పై ఆరు పోవడం అతనికి కష్టంగానే ఉంది. ఇంకా ఎన్ని ఊళ్లు ఎన్ని ట్రాక్టర్లలో వచ్చాయో అన్న ఆలోచన ముఖం మీద నడిచిపోయింది. "అన్ని తీసేస్తే మీ ఊరికి సేలు సంగతి ఎట్ల తెలుస్తది?"

"సేటూ, నువ్వు ఒక్క చీర మంచిది అమ్ము. ఊరంత నేను చెప్త," అంది వెంకటమ్మ. "గీ కురచయ్యేది అమ్మినా చెప్త."

సేటు నవ్వక తప్పలేదు. "తీసెయ్ బేటా," అన్నాడు.

మాధురి చెయ్యి మీట మీదికి పోయింది. రాయమల్లు ఆపాడు. "ఊకె తీసేస్తే మళ్ల దసరాకు మళ్ల కూపన్లు. మళ్ల ఇదే. ఈ నంబరు వేరే కాయితం మీద ఉండాలె. పంపే ముందట దానితోటి సరిచూడాలె."

ఆమెకు అర్థమైంది. పట్టికలో కొత్త పుట తెరిచి, పైన 'పంపొద్దు' అని పేరు పెట్టి, ఆ నంబరును అందులో మొదటిదిగా రాసింది. తరువాత ముప్పై ఆరు వరుసలూ తీసేసింది. ఒక నంబరు ఒకసారే వచ్చేలా మిగతా పట్టికంతా సరిచెయ్యడానికి ఇంకో పావుగంట పట్టింది. రాయమల్లు ఆమె భుజం వెనక నిలబడి ప్రతి వరుసా చూశాడు.

"అయిపోయింది కాకా."

"చూడకుండ అయిపోదు బిడ్డా. మూడయితున్నది. నీ విడత పంపు."

ఆమె నొక్కింది. తీగ చివర ఫోను మినుకుమినుకుమంటూ పని మొదలుపెట్టింది. అందరూ కొలబద్ద పక్కనున్న భూమన్న ఫోను వైపు చూస్తూ కూర్చున్నారు. సేటు చాయ్ తెప్పించాడు. చాయ్ అయిపోయింది. పట్టిక సగం దాటింది, ముప్పావు దాటింది. ఫోను మౌనంగా ఉంది.

"చూసినవా," అని సేటు అంటుండగానే టింగుమంది.

రాయమల్లు తీసి చూశాడు. లగ్గాల సేలు. ఓంప్రకాష్ సేటుదే.

భూమన్న తల పట్టుకున్నాడు. రాయమల్లు ముఖంలో మాత్రం కొంచెం వెలుగు వచ్చింది. ముప్పై ఆరు పోయి ఒక్కటి మిగిలిందంటే అది దొరికే రోగమే. "ఆపు బిడ్డా. ఇప్పుడే పోయిన వరుస ఏది?"

నిర్మల అని ఒక పేరు. నంబరు అదే. కాకపోతే ఆమె కూపను మీద ముందు ఒక సున్నా పెట్టి రాసింది, ఎస్టీడీ చేసే అలవాటు కొద్దీ. సున్నా ఉన్నందువల్ల అది మిగతావాటితో కలవకుండా పట్టిక అడుగున ఒంటరిగా కూర్చుంది. మాధురి ముందు సున్నా ఉన్న నంబర్లన్నిటికీ ఆ సున్నా తీసేసింది. నిర్మల వరుస 'పంపొద్దు'లో దానంతటదే చిక్కింది.

"నా చిన్నాయన కోడలు," అన్నాడు భూమన్న. "అన్నిట్ల ఒక సున్నా ఎక్కువనే."

మిగిలిన వరుసలు పోయాయి. పట్టిక అడుగుకు చేరింది. ఫోను పలకలేదు. రాయమల్లు తెర మీద ఆ ఒక్క మెసేజ్ కూడా తుడిచేశాడు. ఖాళీ. పావుగంట కూర్చున్నారు. సేటు ఇద్దరు గిరాకీలకు తువ్వాళ్లు చూపించాడు. వెంకటమ్మ కొంగు అంచును కుట్టు పోస్తున్నట్టు వేళ్లతో మడుస్తూ విప్పుతూ కూర్చుంది.

నాలుగు దాటింది. టింగుమంది.

"నాది కాదు మిస్త్రీ," అన్నాడు ఓంప్రకాష్ తువ్వాలు పట్టుకునే.

రాయమల్లు చదివాడు. ఒకసారి లోపల చదువుకుని, తరువాత వాళ్లకు తెలుగులో చెప్పాడు. "శనివారం పొద్దుగాల ఏడు గంటలకు. ఏం తినకుండ రావాలె. ఎడమ కన్ను."

భూమన్న ఫోను కోసం చెయ్యి చాపాడు. రాయమల్లు ఫోనును వెంకటమ్మ చేతిలో పెట్టాడు. "నీ కన్ను, నీ చెయ్యి. ఇగో, నంబరు తీసి పెట్టిన. పచ్చది ఇక్కడ." ఆమె బొటనవేలును పట్టి బటను మీద ఆనించాడు.

ఆమె నొక్కింది. చెవి దగ్గర పెట్టుకుంది. అవతల గంట మోగడం పక్కవాళ్లకు కూడా వినిపించింది. ఒకటి. రెండు.

"ఇగ ఎర్రది."

ఎర్ర బటను ఎక్కడుందో ఆమె వేళ్లు అప్పటికే వెతుక్కున్నాయి. గంట ఆగింది. నిమిషం తిరగకముందే ఇంకో మెసేజ్ దిగింది. పేరు ఎక్కిందని.

"సరేనా అత్తా?" అని అడిగాడు రాయమల్లు.

"సరే అల్లుడా."

రాయమల్లు సేటు బల్ల మీది కత్తెర తీసుకుని ఫోనుకు కట్టిన దారం తెంపాడు. చీటీ మడిచి జేబులో వేసుకుని, ఫోనును తువ్వాలుతో ఒకసారి తుడిచి భూమన్నకు అందించాడు. భూమన్న దాన్ని బనీను లోపలి జేబులో పెట్టుకుని, పైనుంచి చేత్తో ఒత్తి చూసుకుని, రాజురా బస్సుకు బయలుదేరాడు. వెంకటమ్మ అతని భుజం పట్టుకుని మెట్లు దిగింది.